చదువు మానని ఖాజీ: ఇమాం అబూ యూసుఫ్ (రహ్మ)

మా దగ్గర అరబీ, ఉర్దూ నేర్చుకున్న పిల్లల్లో కొందరు ఆ తరువాత లా చదివి వకీళ్ళయ్యారు. పండుగలకు ఊరికి వచ్చినప్పుడు మమ్మల్ని చూసిపోతుంటారు. వాళ్ళు అడిగేవి ఇంచుమించు ఒకే మాటలు. సీనియర్ దగ్గర ఇంకా ఎన్నేళ్ళు ఫైళ్ళు మోయాలని ఒకరు, సొంతంగా బోర్డు ఎప్పుడు పెట్టుకోవచ్చని మరొకరు అడుగుతారు. కేసు పెద్దవారిదై, న్యాయం అవతలివారిదైతే ఏం చేయాలని అడిగేవాళ్ళూ ఉన్నారు. కోర్టు సంగతులు మాకు తెలియవు. అందుకని వాళ్ళకు సలహా చెప్పే బదులు పన్నెండు వందల ఏళ్ళ క్రితం నాటి ఒక న్యాయవేత్త జీవితం చెబుతుంటాం. హనఫీ మద్‌హబ్‌ను అనుసరించే ప్రతి ఇంట్లోనూ ఆయన పేరు వినిపిస్తుంది. కానీ ఆయన ఎలా బ్రతికారో తెలిసినవాళ్ళు తక్కువ.

ఆయన అసలు పేరు యాఖూబ్ బిన్ ఇబ్రాహీం. కుమారుడు యూసుఫ్ పేరు మీద అబూ యూసుఫ్ అయ్యారు. హిజ్రీ 113లో, అంటే క్రీ.శ. 731లో, ఇరాక్‌లోని కూఫా నగరంలో జన్మించారు. మదీనా అన్సార్ల వంశం. పూర్వీకులలో ఒకరైన హజ్రత్ సఅద్ (రజి) దైవప్రవక్త ముహమ్మద్ (స) సహచరులు. ఉహుద్ యుద్ధం నాటికి పసివయసు కావడంతో ఆయనను యుద్ధానికి తీసుకోలేదు. వంశం అంతటిదైనా ఇంట్లో మాత్రం పూట గడవని పేదరికం.

తండ్రి చనిపోవడంతో తల్లి ఆ పిల్లవాడిని బట్టలు చలువ చేసే ఒక ధోబీ దుకాణంలో పనికి పెట్టింది. పిల్లవాడు దుకాణానికి వెళ్తూ దారిలో ఇమామె ఆజమ్ అబూ హనీఫా (రహ్మ) పాఠం చెప్పే చోట ఆగి కూర్చునేవాడు. తల్లి వచ్చి చెయ్యిపట్టి లాక్కుపోయేది. మరునాడు మళ్ళీ అదే కథ. చివరికి ఆ తల్లి విసిగి నేరుగా ఇమాం గారితోనే తగవుపడింది. తండ్రి లేని బిడ్డ అనీ, తాను నూలు వడికి తిండి పెడుతున్నాననీ, వాడు రోజుకు నాలుగు పైసలు సంపాదించుకుంటే చాలనుకుంటుంటే మీరే చెడగొడుతున్నారనీ నిలదీసింది. ఇమాం గారు నవ్వి, మీవాడు ఇక్కడ పిస్తా నూనెతో చేసిన ఫాలూదజ్ తినడం నేర్చుకుంటున్నాడని అన్నారట. ఈ ముసలాయనకు మతి పోయిందనుకుంటూ ఆమె వెళ్ళిపోయింది. ఫాలూదజ్ అనేది ఆనాటి రాజుల ఇళ్ళలో చేసే మిఠాయి. మనం ఎండాకాలంలో తాగే ఫాలూదాకూ దానికీ పేరులో చుట్టరికం ఉంది గానీ పదార్థం వేరు. ఈ కథను మరోరకంగా చెప్పేవాళ్ళూ ఉన్నారు. దాని ప్రకారం తండ్రి బ్రతికే ఉన్నాడు, చదువు మాన్పించబోయింది ఆయనే. ఎవరు మాన్పించబోయినా, నిలబెట్టింది మాత్రం గురువే. అబూ హనీఫా (రహ్మ) సిల్కు బట్టల వర్తకులు. పిల్లవాడి చేతిలో నూరు దిర్హములున్న సంచి పెట్టి, అయిపోయినప్పుడు చెప్పమన్నారు. చెప్పవలసిన అవసరం ఎప్పుడూ రాలేదట. అయిపోయే వేళకు మరో సంచి వచ్చేది.

అప్పటికి కూఫాలో న్యాయశాస్త్రానికి రెండు పెద్ద ఇళ్ళున్నాయి. ఒకటి ఖాజీ ఇబ్నె అబీ లైలాది. ముప్ఫయి ఏళ్ళకు పైగా కూఫా న్యాయపీఠం మీద కూర్చున్న మనిషి. రోజూ వాది ప్రతివాదుల ముఖాలు చూసి, సాక్షుల మాటలు విని, తీర్పు చెప్పడంలో ఆరితేరినవారు. రెండోది అబూ హనీఫా గారి పాఠం. అక్కడ అధికారం లేదు, జీతం లేదు. ఒక సమస్యను మధ్యలో పెట్టి శిష్యులందరూ వాదించుకునేవారు. కొన్నిసార్లు ఒక్క సమస్య మీద రోజుల తరబడి వాదన నడిచేది. అందరూ చెప్పింది విన్నాక గురువు మాట్లాడేవారు. అబూ యూసుఫ్ కొంతకాలం ఇబ్నె అబీ లైలా దగ్గర చదివి, తరువాత అబూ హనీఫా గారి దగ్గరే స్థిరపడ్డారు. మొదటి గురువు దగ్గర నేర్చుకున్నది వృథా పోలేదు. అది ఎక్కడ పనికివచ్చిందో ముందు చెబుతాం.

ఆ పాఠంలో ఒక అలవాటు ఉండేది. గురువు చెప్పింది చెప్పినట్టు అబూ యూసుఫ్ రాసుకుంటుంటే, నా నోటినుంచి విన్నదంతా రాసేయకు, ఈరోజు ఒక అభిప్రాయం నాకు సరైనదనిపించవచ్చు, రేపు దాన్ని వదులుకోవచ్చు అని ఇమాం గారు వారించేవారట. ముప్ఫయి, నలభై ఏళ్ళ పాండిత్యం ఉన్న మనిషి శిష్యుల ముందు ఈ మాట అనడం మామూలు విషయం కాదు. ఆ మాట అబూ యూసుఫ్ మనసులో నాటుకుపోయింది.

ఆయన హదీసు విద్యను కూడా వదల్లేదు. కూఫాలో ఆఅమష్ అనే ప్రసిద్ధ హదీసు పండితుడు ఉండేవారు. ఒకసారి ఆయన ఒక సమస్య అడిగితే అబూ యూసుఫ్ జవాబు చెప్పారు. దీనికి ఆధారం ఏమిటని ఆఅమష్ అడిగారు. మీరే మాకు వినిపించిన ఫలానా హదీసు అని శిష్యుడు చెప్పాడు. ఆఅమష్ ఆశ్చర్యపోయి, నీ తల్లిదండ్రుల పెళ్ళి కాకముందు నుంచీ ఈ హదీసు నాకు కంఠస్థమే, దాని అర్థం మాత్రం ఈరోజు తెలిసిందన్నారు. సెక్షన్లన్నీ నోటికి వచ్చి, వాటిని ఎక్కడ వాడాలో తోచని వకీలు గురించి మా పిల్లలు చెప్పినప్పుడల్లా మాకు ఈ సంఘటన గుర్తుకు వస్తుంది.

ఇక బోర్డు పెట్టుకునే సంగతి. అబూ యూసుఫ్‌కు ఒకసారి పెద్ద జబ్బు చేసింది. గురువు పరామర్శకు వచ్చి, ఈ యువకుడు పోతే ఎంతో విద్య ఇతనితో పోతుందని బాధపడ్డారు. జబ్బు తగ్గాక ఆ మాట అబూ యూసుఫ్ చెవిన పడింది. పొగడ్త ఎవరినైనా కొంచెం కదిలిస్తుంది. ఆయన గురువు దగ్గరకు వెళ్ళడం మానేసి, వేరే చోట సొంతంగా పాఠం మొదలుపెట్టారు. నాలుగు తలలు చుట్టూ చేరాయి.

ఇది తెలిసి అబూ హనీఫా (రహ్మ) కోపగించుకోలేదు. ఒక మనిషిని పిలిచి, ఒక ప్రశ్న చెప్పి పంపారు. ఒకడు ధోబీకి బట్ట ఇచ్చి, కూలి మాట్లాడుకున్నాడు. కొన్నాళ్ళకు వెళ్ళి అడిగితే, నీ బట్ట నా దగ్గర లేదు పొమ్మన్నాడు ధోబీ. ఇంకొన్నాళ్ళకు మళ్ళీ వెళితే, చలువ చేసిన బట్టను తెచ్చి చేతిలో పెట్టాడు. ఇప్పుడు ఆ ధోబీకి కూలి ఇవ్వాలా, అక్కర్లేదా? ఇవ్వాలని అబూ యూసుఫ్ అంటే తప్పు అని చెప్పు, అక్కర్లేదన్నా తప్పనే చెప్పు అని ఆ మనిషికి నేర్పి పంపారు.

అబూ యూసుఫ్ ఇవ్వాలన్నారు. తప్పన్నాడు ఆ మనిషి. కాసేపు ఆలోచించి, అక్కర్లేదన్నారు. అదీ తప్పే అన్నాడు. అబూ యూసుఫ్ అక్కడినుంచి లేచి నేరుగా గురువు దగ్గరకు వెళ్ళారు. ధోబీ సమస్యే నిన్ను ఇక్కడికి తెచ్చిందనుకుంటా అని గురువు అన్నారు. తరువాత విప్పి చెప్పారు. బట్ట లేదని అబద్ధమాడక ముందే దాన్ని ఉతికి ఉంటే, యజమాని కోసమే ఉతికాడు కాబట్టి కూలి ఇవ్వాలి. బట్ట కాజేద్దామని అబద్ధమాడిన తరువాత ఉతికి ఉంటే, తన కోసం ఉతుక్కున్నాడు కాబట్టి కూలి లేదు. అంటే ప్రశ్నకు జవాబు చెప్పే ముందు, బట్ట ఎప్పుడు ఉతికావని అడగాలి. అబూ యూసుఫ్‌కు శాస్త్రం తెలియక కాదు. ఆ ఒక్క ప్రశ్న అడగకుండా తీర్పు చెప్పేశారు. చిన్నతనంలో ధోబీ దుకాణంలో పనిచేసిన మనిషిని గురువు ధోబీ లెక్కతోనే పట్టుకోవడం కూడా గమనించదగ్గది. ఆయన సిగ్గుపడి మళ్ళీ పాఠంలో చేరారు. మొత్తం మీద పదిహేడేళ్ళు గురువును వదలలేదని చెబుతారు.

ఆ పదిహేడేళ్ళలో జరిగిన మరో సంగతి పుస్తకాల్లో ఉంది. చిన్న కొడుకు చనిపోతే, స్నానం, ఖననం బంధువులకూ ఇరుగుపొరుగులకూ అప్పగించి ఆయన పాఠానికి వెళ్ళారు. ఒక్క రోజు పాఠం పోతే దాని బాధ జీవితాంతం ఉంటుందని భయపడ్డారు. మా ఉస్తాదులు ఈ సంఘటనను ఎంతో గొప్పగా చెప్పేవారు. వయసు పైబడిన కొద్దీ మాకు ఇది చెప్పడం కష్టమవుతోంది. ఆ ఇంట్లో ఆ తల్లి పరిస్థితి ఏమిటని మనసు అడుగుతుంది. ఆయన విద్యాదాహాన్ని మెచ్చుకుందాం గానీ, ఇది మన పిల్లలు అనుసరించవలసిన పద్ధతని మాత్రం మేము చెప్పం.

హిజ్రీ 150 (క్రీ.శ. 767)లో గురువు కన్నుమూశారు. ఆ మరణం మామూలుగా సంభవించలేదు. ఖలీఫా మన్సూర్ ఆయనను ఖాజీ పదవి తీసుకోమన్నాడు. తాను ఆ పదవికి తగనని ఇమాం గారు చెప్పారు. నువ్వు అబద్ధమాడుతున్నావని ఖలీఫా అన్నాడు. అయితే అబద్ధమాడేవాడిని ఖాజీగా ఎలా నియమిస్తావని ఇమాం గారు అడిగారు. తర్కంలో గెలిచారు గానీ జైలు పాలయ్యారు. బగ్దాద్‌లో నిర్బంధంలోనే ప్రాణం పోయింది. రాజుగారి న్యాయపీఠం మీద కూర్చుంటే రాజుగారికి నచ్చిన తీర్పు చెప్పవలసి వస్తుందని ఆయన భయం. అంతకుముందు ఉమవీల కాలంలోనూ ఇలాగే నిరాకరించి కొరడా దెబ్బలు తిన్నారు.

అలాంటి గురువుకు అత్యంత ఆప్తుడైన శిష్యుడు, ఆ తరువాత కొన్నేళ్ళకు, మన్సూర్ కొడుకు మహ్దీ పాలనలో అదే ఖాజీ పదవిని స్వీకరించారు. మహ్దీ తరువాత హాదీ, హాదీ తరువాత హారూన్ రషీద్, ముగ్గురు ఖలీఫాల కాలంలోనూ ఆ పదవిలో ఉన్నారు. చనిపోయేదాకా దిగలేదు. ఆనాటి ధర్మవేత్తల్లో కొందరు దీన్ని తప్పుపట్టారు. గురువు ప్రాణమిచ్చి కాదన్నదాన్ని శిష్యుడు చేయిచాచి తీసుకున్నాడని చిన్నచూపు చూసినవాళ్ళూ ఉన్నారు. ఇంటి పేదరికమే ఆయనను అటు నెట్టిందని జీవితచరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. అది నిజం కావచ్చు. అయితే మంచివాళ్ళందరూ న్యాయపీఠాన్ని తాకకపోతే అక్కడ కూర్చునేదెవరు అన్న ప్రశ్న కూడా ఉంది. గురువు చేసింది సరైనదా, శిష్యుడు చేసింది సరైనదా అని మమ్మల్ని అడిగితే, గురువు దారిలో ప్రమాదం శరీరానికనీ, శిష్యుని దారిలో ప్రమాదం ఆత్మకనీ మాత్రం చెప్పగలం. ఆ ప్రమాదాన్ని ఆయన ఎలా ఎదుర్కొన్నారో చూడాలి.

హాదీ కాలంలో ఒక తోట గురించి ఖలీఫా మీదే ఒక సామాన్యుడు దావా వేశాడు. సాక్ష్యం చూస్తే ఖలీఫా వైపే బలంగా ఉంది. కానీ తోట నిజంగా ఎవరిదో అబూ యూసుఫ్‌కు లోలోపల తెలుసు. సాక్ష్యాన్ని పక్కనపెట్టి తనకు తోచిన తీర్పు చెప్పే హక్కు ఖాజీకి లేదు. కేసు ఏమైందని ఖలీఫా అడిగినప్పుడు ఆయన ఒక మాట చెప్పారు. మీ సాక్షులు చెప్పింది నిజమేనని మీరు ప్రమాణం చేయాలని అవతలివాడు కోరుతున్నాడన్నారు. ఇలా ప్రమాణం చేయించవచ్చని నీ అభిప్రాయమా అని హాదీ అడిగాడు. ఇబ్నె అబీ లైలా అభిప్రాయం అది అని జవాబిచ్చారు. సాక్షులున్న వాదిని మళ్ళీ ప్రమాణం అడగడం హనఫీ పద్ధతి కాదు. కానీ ఎప్పుడో వదిలివచ్చిన మొదటి గురువు మాట ఆరోజు ఒక పేదవాడి తోటను కాపాడింది. హాదీ అబద్ధపు ప్రమాణానికి సిద్ధపడక తోట తిరిగి ఇచ్చేశాడు. దీన్ని ఖాజీ గారి ఉపాయమని తేలికచేసే వాళ్ళున్నారు. అల్లాహ్ పేరిట ప్రమాణమనేసరికి వెనక్కి తగ్గిన ఆ ఖలీఫాకూ ఇందులో కొంత పుణ్యం దక్కాలని మా భావన.

మరోసారి ఖలీఫా దర్బారులోని ఒక పెద్ద అధికారి సాక్షిగా వచ్చాడు. అబూ యూసుఫ్ ఆయన సాక్ష్యాన్ని తిరస్కరించారు. ఖలీఫా కారణం అడిగితే, నేను ఖలీఫాకు బానిసనని ఇతను చెప్పుకోవడం విన్నానన్నారు. ఆ మాట నిజమైతే బానిస సాక్ష్యం ఆనాటి చట్టంలో చెల్లదు. ముఖస్తుతి కోసం ఆడిన అబద్ధమైతే అబద్ధాలకోరు సాక్ష్యం అంతకన్నా చెల్లదు. మన్సూర్ ముందు గురువు వాడిన తర్కం లాంటిదే ఇన్నేళ్ళ తరువాత శిష్యుని నోట వచ్చింది.

హారూన్ రషీద్ ఆయనను ఖాజీ ఉల్ ఖుజాత్ చేశాడు, అంటే ఖాజీలకు ఖాజీ. ఇస్లామీ చరిత్రలో ఆ బిరుదు మొట్టమొదట పొందింది ఆయనే. దేశదేశాల ఖాజీల నియామకం ఆయన మాట మీద నడిచేది. హనఫీ మద్‌హబ్ అంతగా విస్తరించడానికి ఇదొక ముఖ్య కారణం. ధర్మవేత్తలకు ప్రత్యేకమైన దుస్తులు నిర్ణయించింది కూడా ఆయనేనని చెబుతారు. ఈ హోదా వచ్చాక ఒకరోజు హారూన్ భోజనాల దగ్గర ఫాలూదజ్ వడ్డించారు. అబూ యూసుఫ్‌కు నవ్వు వచ్చింది. ఖలీఫా పట్టుబట్టి అడిగితే చిన్ననాటి సంగతి అంతా చెప్పారు. హారూన్ అబూ హనీఫా (రహ్మ) కోసం దుఆ చేశాడు. జైల్లో చనిపోయిన ఆ మనిషిని తన తాతే బంధించాడన్న సంగతి ఆ క్షణంలో హారూన్‌కు గుర్తొచ్చిందో లేదో పుస్తకాల్లో లేదు.

పదవి వచ్చాక చాలామంది చదువు ఆపేస్తారు. ఖాజీ అయ్యాక కూడా అబూ యూసుఫ్ పాఠం చెప్పడం మానలేదు, నేర్చుకోవడం కూడా మానలేదు. ఇమాం అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) హదీసు విద్య మొదలుపెట్టినప్పుడు ఈయన దగ్గరకు వచ్చి రాసుకున్నారు. అన్నిటికన్నా మాకు పెద్దగా కనిపించేది మదీనాలో జరిగింది.

హారూన్‌తో హజ్ యాత్రకు వెళ్ళినప్పుడు అబూ యూసుఫ్ మదీనా చేరారు. అక్కడ ఫిత్రా కొలతైన సాఅ పరిమాణం గురించి చర్చ వచ్చింది. ఇరాక్‌లో అది ఎనిమిది రతల్ అని లెక్క. మదీనావాసులు అంత ఉండదన్నారు. ఆధారమేమిటని అడిగితే రేపు చూపిస్తామన్నారు. మరునాడు ముహాజిర్ల, అన్సార్ల సంతతికి చెందిన సుమారు యాభై మంది పెద్దలు వచ్చారు. ఒక్కొక్కరి దుప్పటి కింద ఒక కొలపాత్ర. తాతలు, తల్లిదండ్రులు దైవప్రవక్త (స) కాలంలో ఫిత్రా కొలిచింది దీనితోనేనని ఒక్కొక్కరూ చెప్పారు. అబూ యూసుఫ్ కొలిచి చూశారు. అన్నీ ఒకటే, అయిదు రతల్‌లు, మరో మూడోవంతుకు దగ్గర. ఇరాక్ లెక్కకు చాలా తక్కువ. రాజ్యమంతటికీ పెద్ద ఖాజీ అయిన మనిషి, అంతమంది ముందు, ఇన్నాళ్ళూ తాను చెప్పినదాన్ని వదిలేసి ఆ కొలతను ఒప్పుకున్నారు. హనఫీ ఆచరణ ఇమామె ఆజమ్ గారి కొలత మీదే కొనసాగింది, అది వేరే విషయం. ఇక్కడ మేము చూస్తున్నది ఆయన ఒప్పుకున్న తీరును.

వక్ఫ్ విషయంలోనూ ఇలాగే జరిగింది. ఆస్తిని వక్ఫ్ చేసిన మనిషి దాన్ని తిరిగి తీసుకోవచ్చని, ఖాజీ తీర్పు ఉంటే తప్ప అది శాశ్వతం కాదని అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. అబూ యూసుఫ్ మొదట దాన్నే అనుసరించారు. మదీనాలో సహాబీలు ఇచ్చిన వక్ఫ్ ఆస్తులు తరతరాలుగా నిలిచి ఉండడం చూసి, హజ్రత్ ఉమర్ (రజి) వక్ఫ్ గురించిన హదీసు విని, అభిప్రాయం మార్చుకున్నారు. వక్ఫ్ చేశానని నోటితో అన్న మరుక్షణం అది అల్లాహ్ ఆస్తి అయిపోతుందని, ఇచ్చినవాడికే మళ్ళీ హక్కు ఉండదని చెప్పారు. మరో శిష్యుడు ఇమాం ముహమ్మద్ (రహ్మ) మాత్రం ఆస్తిని ముతవల్లీకి అప్పగించాలన్నారు. మన వకీలు పిల్లలకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బ్రిటిష్ కాలం నుంచి మన దేశపు కోర్టుల్లో వక్ఫ్ దావాలు వచ్చినప్పుడు ఈ ఇద్దరిలో ఎవరి మాట తీసుకోవాలని వాదనలు జరిగాయి. ఎక్కువగా నిలిచింది అబూ యూసుఫ్ మాటే. 2025 నాటి సవరణ చట్టం కొత్తగా చేసే వక్ఫ్‌కు రాతపూర్వకమైన దస్తావేజు తప్పనిసరి చేసింది. కాబట్టి ఇకపై నోటిమాట ఒక్కటే చాలదు. అయినా పాత ఫైళ్ళు తిరగేస్తే ఈయన పేరు తగులుతూనే ఉంటుంది.

ఖాజీల పనికి సంబంధించిన సమస్యల్లో ఫత్వా అబూ యూసుఫ్ అభిప్రాయం మీద ఇవ్వాలని తరువాతి హనఫీ పండితులు ఒక సూత్రం పెట్టుకున్నారు. ఆయన గురువు కన్నా గొప్పవాడని దీని అర్థం కాదు. గురువు న్యాయపీఠం మీద కూర్చోలేదు, ఈయన ఏళ్ళ తరబడి కూర్చున్నారు. సాక్షి ఎక్కడ తడబడతాడో, కాగితం ఎక్కడ అబద్ధం చెబుతుందో కూర్చున్నవాడికే తెలుస్తుంది.

హారూన్ కోరిక మీద ఆయన కితాబుల్ ఖరాజ్ అనే గ్రంథం రాశారు. పేరుకు అది పన్నుల పుస్తకం. భూమి విస్తీర్ణాన్ని బట్టి ఒకే రేటు కట్టించే బదులు పంటలో వాటా తీసుకోమని, పన్ను వసూలును గుత్తకు ఇవ్వవద్దని, బాకీదారులను ఎండలో నిలబెట్టి బాధించవద్దని అందులో రాశారు. నెలకో, రెండు నెలలకో ఒకసారైనా ప్రజల ఫిర్యాదులు స్వయంగా వినమని ఖలీఫాకు చెప్పారు. మేము ఈ గ్రంథాన్ని చదివినప్పుడు మమ్మల్ని ఎక్కువ ఆపింది ఖైదీల గురించి రాసిన భాగం. ఖైదీలను గొలుసులతో బయటికి తెచ్చి అడుక్కునేలా చేయడం ఘోరమని రాశారు. ఒక్కొక్కరికి తిండికి నెలకు పది దిర్హములు ఇవ్వమన్నారు. ఆ డబ్బు చేతికే ఇవ్వాలని, రొట్టెలు పంపితే జైలు సిబ్బందే ఎత్తుకుపోతారని హెచ్చరించారు. నమ్మకమైన మనిషి ఒకరు పేర్ల పట్టీ పెట్టుకుని, పేరుపేరునా పిలిచి ఇవ్వాలట. చలికాలానికి ఏ బట్టలు, ఎండాకాలానికి ఏ బట్టలు, స్త్రీలకు ఏమివ్వాలో కూడా వివరించారు. దిక్కులేని ఖైదీ చనిపోతే శవం రోజుల తరబడి పడి ఉంటోందని, తోటి ఖైదీలు చందాలు వేసుకుని స్నానం, నమాజు లేకుండా పూడ్పిస్తున్నారని తనకు తెలిసిందని, ఇకపై ఖర్చు ప్రభుత్వ ఖజానా భరించాలని రాశారు. కొట్టి, భయపెట్టి చెప్పించిన నేరాంగీకారం చెల్లదన్నారు. ఆరోపణ వచ్చినంత మాత్రాన జైల్లో వేయవద్దని, వాదినీ ప్రతివాదినీ ఎదురెదురుగా పిలవాలని, రుజువు లేకపోతే జామీను మీద వదిలేయాలని చెప్పారు. జైలు లోపల ఏం జరుగుతోందో కనుక్కోని మనిషి ఇలా రాయలేడు. గురువు జైల్లో కన్నుమూసిన సంగతి ఆ పుటల్లో ఎక్కడా లేదు. చదువుతున్నంతసేపూ మాకు మాత్రం అదే గుర్తొచ్చింది.

ఈ గ్రంథాన్ని డాక్టర్ నజాతుల్లా సిద్దీఖీ ఉర్దూలోకి అనువదించారు. అబూ యూసుఫ్ రాసిన మరికొన్ని గ్రంథాలు శతాబ్దాలుగా చేతిరాత ప్రతుల్లోనే ఉండిపోయాయి. వాటిని వెలికితీసి, సరిచూసి, 1930లలో అచ్చుకు తెచ్చింది మన హైదరాబాద్ వారే. జామియా నిజామియాలో చదువు చెప్పిన మౌలానా అబుల్ వఫా అఫ్గానీ (రహ్మ), ఆయన స్థాపించిన ఇహ్యావుల్ మఆరిఫ్ అన్నుఅమానియా సంస్థ ఈ సేవ చేశారు. తన ఇద్దరు గురువులైన అబూ హనీఫా, ఇబ్నె అబీ లైలా ఎక్కడెక్కడ విభేదించారో అబూ యూసుఫ్ పూసగుచ్చినట్టు రాసిన పుస్తకం వాటిలో ఒకటి. అరబీ వచ్చిన వకీళ్ళు ఎవరైనా ఉంటే అది తప్పక చూడాలి. ఒకే సమస్య మీద ఇద్దరి వాదనలు, చివర ఎవరి వైపు తాను ఉన్నదీ క్లుప్తంగా ఉంటాయి.

హిజ్రీ 182 (క్రీ.శ. 798)లో బగ్దాద్‌లో ఆయన చివరి జబ్బున పడ్డారు. ఆ రోజుల్లో ఒక సంగతి ఆయనను బాధపెట్టింది. ఒక క్రైస్తవుడు హారూన్ రషీద్ మీద దావా వేశాడు. తీర్పు ఆ క్రైస్తవుడికి అనుకూలంగానే చెప్పారు, ఖలీఫాకు వ్యతిరేకంగా. కానీ విచారణ వేళ ఇద్దరినీ సమానమైన చోట కూర్చోబెట్టలేదు, ఖలీఫా తన ఆసనం మీదే ఉన్నాడు. తీర్పు న్యాయంగా ఉంది కదా అని సరిపెట్టుకోలేదు. జీవితంలో ఏ కక్షిదారు వైపూ మనసు మొగ్గనివ్వలేదు ఈ ఒక్కచోట తప్ప అని అల్లాహ్ ముందు చెప్పుకుని ఏడ్చారు.

చివరి గడియల్లో శిష్యుడు ఇబ్రాహీం బిన్ అల్ జర్రాహ్ చూడడానికి వచ్చారు. ఇమాం గారు స్పృహలో లేరు. కాసేపటికి కళ్ళు తెరిచి, హజ్‌లో జమరాత్ మీద రాళ్ళు వేయడం నడిచివెళ్ళి వేస్తే మేలా, సవారీ మీద ఉండి వేస్తే మేలా అని శిష్యుణ్ణి అడిగారు. ఈ స్థితిలో ఇదేమిటని ఇబ్రాహీం తెల్లబోయారు. పర్వాలేదు చెప్పమన్నారు. నడిచివెళ్ళి వేయడమే మేలని శిష్యుడు అన్నాడు. తప్పన్నారు. సవారీ మీద అన్నాడు. అదీ తప్పన్నారు. తరువాత తానే చెప్పారు. ఏ జమరా దగ్గర రాళ్ళు వేశాక ఆగి దుఆ చేయవలసి ఉంటుందో అక్కడ నడిచి వేయాలి. ఎక్కడ ఆగవలసిన పని లేదో అక్కడ సవారీ మీద వేయవచ్చు. అది విని ఇబ్రాహీం సెలవు తీసుకుని లేచారు. ఆయన ఇంకా వీధి గుమ్మం దాటకముందే లోపలినుంచి ఏడుపు వినిపించింది.